అపోఫిస్ ఎక్కడి నుంచి వచ్చింది? కాలాన్ని వెనక్కి నడిపితే ఎందుకు దొరకదు?

నరసన్నపేటలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. అపోఫిస్ గ్రహశకలం ఇప్పటి కక్ష్య వివరాలను నాసా వారి హొరైజన్స్ అనే కక్ష్యల లెక్కల సైటు నుంచి దించుకుని, గ్రహాల కదలికను లెక్క కట్టే ప్రోగ్రాం రీబౌండ్‌లో సూర్యుణ్ణీ ఎనిమిది గ్రహాలనూ పెట్టి, కాలాన్ని కోటి సంవత్సరాలు వెనక్కి నడిపింది. చివరి అంకెల్లో చిన్న చిన్న తేడాలతో పది క్లోన్లు పెట్టింది. లాప్‌టాప్ మూడు రోజులు నడిచాక వచ్చిన ఫలితం చూసి కంగారు పడింది. పదింటిలో రెండు సూర్యుడిలోంచి బయల్దేరినట్టు వచ్చాయి. ఒకటి గురుగ్రహం అవతల నుంచి వచ్చినట్టు, ఒకటి శుక్రుడి నుంచి పుట్టినట్టు వచ్చాయి. మిగతా ఆరూ కోటి ఏళ్ల కిందట కూడా భూమి చుట్టుపక్కలే తిరుగుతున్నాయి. "గ్రహశకలాల పట్టీ నుంచి వచ్చిందని అన్ని పుస్తకాల్లోనూ ఉంది కదా సార్, నా ప్రోగ్రాంలో తప్పెక్కడుంది?" అని అడిగింది.

అమ్మా, నీ ప్రోగ్రాంలో చిన్న లోపాలు రెండు మూడు ఉన్నాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను. అవన్నీ సరిదిద్దినా ఇదే రకం ఫలితం వస్తుంది. తప్పు కోడులో లేదు, ప్రశ్న అడిగిన వైపులో ఉంది. ఒక రాయి ఇక్కడికి ఎక్కడి నుంచి చేరిందో తెలుసుకోవాలంటే ఆ రాయిని వెనక్కి నడిపితే కుదరదు. అది బయల్దేరి ఉండగల చోట్లన్నిటి నుంచీ వేల రాళ్లను ముందుకు నడిపి, వాటిలో ఎన్ని ఇక్కడికి చేరతాయో, చేరాక ఎంతకాలం ఉంటాయో లెక్క కట్టాలి. ఈ తేడా నాకు ఒంటబట్టడానికి రెండేళ్లు పట్టింది. నీకు అంతకాలం పట్టకూడదని వివరంగా రాస్తున్నాను.

ముందు నీ ఫైళ్లే చూద్దాం. నువ్వు పంపిన వాటిలో మూడో క్లోను, ఏడో క్లోను తీసుకుని వాటి అర్ధ దీర్ఘాక్షాన్ని, అంటే సూర్యుడి నుంచి ఉండే సగటు దూరాన్ని, ఒకే గ్రాఫు మీద గీశాను. మొదట్లో ఒక్క గీతే కనిపిస్తుంది. రెండూ అంత కచ్చితంగా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇంకా ముందుకు పోయి బాగా పెద్దది చేసి చూస్తే గీత కొంచెం లావెక్కినట్టు ఉంటుంది. ఆ తర్వాత ఒకచోట రెండూ భూమికి దగ్గరగా వెళ్లాయి. మూడోది భూమికి కాస్త ముందు నుంచి, ఏడోది కాస్త వెనక నుంచి దాటింది. అక్కడ గ్రాఫులో మెట్టు పడింది. ఒక గీత పైకెక్కింది, రెండోది కిందికి దిగింది. ఆ మెట్టు దగ్గర విడిపోయినవి మళ్లీ కలవలేదు. నువ్వూ ఒకసారి గీసి చూడు. పది క్లోన్లనూ ఒకేసారి కాకుండా రెండేసి చొప్పున గీయి, అప్పుడే అవి ఎక్కడ విడిపోయాయో కంటికి తెలుస్తుంది.

దీన్ని లెక్కలో పెడదాం. భూమి, శుక్రుడి కక్ష్యలను దాటుకుంటూ తిరిగే రాళ్లలో రెండు దగ్గరి దారుల మధ్య తేడా సుమారు వందేళ్ల పరిసరాల్లో 2.718 రెట్లు అవుతుంది. ఇలా పెరగడానికి పట్టే కాలాన్ని లియపునోవ్ కాలం అంటారు. మూడు వేల ఏళ్లంటే అలాంటి పెరుగుదల ముప్పై సార్లు. 2.718ని ముప్పై సార్లు గుణించి చూడు: ఒకటి పక్కన పదమూడు సున్నాలు వస్తాయి. ఒక్క మిల్లీమీటరు తేడాతో మొదలుపెడితే మూడు వేల ఏళ్లకు అది కోటి కిలోమీటర్లు అవుతుందన్నమాట. అపోఫిస్ ఎక్కడుందో మిల్లీమీటరు కచ్చితత్వంతో మనకు తెలియదు. నువ్వు నడిపింది మూడు వేల ఏళ్లు కాదు, కోటి ఏళ్లు. మొదటి కొన్ని వేల ఏళ్లు దాటాక నీ పది క్లోన్లకూ అపోఫిస్‌తో చుట్టరికం పోయింది. అవి పది వేరే రాళ్లు.

ఇందుకు మన కళ్లముందే ఉదాహరణ రాబోతోంది. 2004 జూన్ 19న కనిపెట్టిన ఈ అపోఫిస్ 2029 ఏప్రిల్ 13న, మన గడియారం ప్రకారం 14 తెల్లవారుజామున మూడుంపావు దాటాక, భూమి ఉపరితలానికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది. మన టీవీ ప్రసారాల ఉపగ్రహాలు ఉండేది అంతకన్నా ఎత్తులోనే. ఢీకొట్టదు. 2021 మార్చిలో రాడార్‌తో కొలిచాక కనీసం వందేళ్ల వరకు ఆ భయం లేదని తేల్చేశారు. అయితే ఇప్పుడు 324 రోజులకు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి వచ్చేది, ఆ ఒక్క దాటుడుతో ఏడాదికి మించి తీసుకునే కక్ష్యలోకి మారిపోతుంది. సగటు దూరం భూమి కన్నా తక్కువుండే ఏటెన్ తరగతిలోది, ఎక్కువుండే అపోలో తరగతిలోకి వెళుతుంది. ఒక్క రాత్రిలో జరిగే మార్పు ఇది. ఇలాంటివి కోటి ఏళ్లలో ఎన్ని జరిగి ఉంటాయో, ప్రతి దానిలో కొన్ని కిలోమీటర్ల తేడా ఎంత మార్చి ఉంటుందో ఆలోచించు.

మరి సూర్యుడిలోంచి వచ్చినట్టు ఎందుకు కనిపించింది? నీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది ఇదే. ఎందుకంటే చాలామంది ఆ రెండు క్లోన్లను పక్కన పారేసి, పట్టీ వైపు వెళ్లిన ఏ ఒక్కదాన్నో పట్టుకుని "ఇదిగో దొరికింది" అని రాసేస్తారు. నువ్వు దాచకుండా అడిగావు.

న్యూటన్ సమీకరణాలకు కాలం ఎటు నడుస్తోందో తెలియదు. ముందుకైనా వెనక్కైనా ఒకేలా పనిచేస్తాయి. భూమి దగ్గర తిరిగే రాయి ముందు ముందు ఏమవుతుంది? సాధారణంగా కొన్ని లక్షల ఏళ్ల నుంచి కోటి ఏళ్ల స్థాయిలో దాని కథ ముగుస్తుంది. ఎక్కువభాగం సూర్యుడిలో పడిపోతాయి, కొన్నిటిని గురుగ్రహం సౌరకుటుంబం బయటికి విసిరేస్తుంది, కొద్దిపాటివి శుక్రుడినో భూమినో ఢీకొడతాయి. ఇప్పుడు వెనక్కి నడిపే క్లోను సంగతి చూడు. మొదటి కొన్ని వేల ఏళ్లలోనే అది తన అసలు గతం ఆనవాలు పోగొట్టుకుంది. ఇక ఆపై అది దిక్కు లేకుండా తిరిగే మామూలు రాయి. సమీకరణాలు రెండు వైపులా ఒకటే కాబట్టి అది కూడా ఆ తలుపుల్లోంచే బయటికి పోతుంది: సూర్యుడు, గురుగ్రహం, శుక్రుడు. నీ ఫలితాల్లో వచ్చినవి సరిగ్గా ఆ తలుపులే. నువ్వు చూసింది అపోఫిస్ గతం కాదు. అపోఫిస్ లాంటి రాళ్ల భవిష్యత్తు, తారీఖుల ముందు మైనస్ గుర్తుతో.

నిజంగా జరిగిన గతం ఒకటుంది. అది పట్టీలోకి తిరిగి పోయే దారే. కానీ వెనక్కి పోయే లెక్కలేనన్ని దారుల్లో అది వెంట్రుకంత సన్నని దారి. మొదటి స్థానం అనంతమైన కచ్చితత్వంతో ఇస్తే తప్ప సిమ్యులేషన్ దాని మీద నిలబడదు. ఈ పొరపాటు విద్యార్థులకే పరిమితం కాదు. 2018లో, మళ్లీ 2020లో, గురుగ్రహం దగ్గరా దాని అవతలా వింత కక్ష్యల్లో తిరిగే కొన్ని శకలాలను 450 కోట్ల ఏళ్లు వెనక్కి నడిపి, అవి వేరే నక్షత్రాల నుంచి వచ్చి ఇక్కడ చిక్కుకున్నాయని పేరున్న పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. గ్రహ శాస్త్రవేత్త అలెసాండ్రో మోర్బిడెల్లి బృందం దానికి ఇచ్చిన జవాబు ఇదే: వెనక్కి నడిపితే బయటి నుంచి వచ్చినట్టు కనిపించడం ఆ కక్ష్యలు అస్థిరమైనవని మాత్రమే చెబుతుంది, పుట్టుక గురించి ఏమీ చెప్పదు. నా మట్టుకు నాకు ఆ జవాబులో లోపం కనబడలేదు.

ఇక ముందుకు నడపడం గురించి. మా తాతగారిది నాగావళి ఒడ్డున ఊరు. వరద తీశాక గట్టు మీద పడున్న దుంగలను చూసి ఇది ఎక్కణ్నుంచి కొట్టుకొచ్చిందో చెప్పేవారు. చిన్నప్పుడు అది మంత్రంలా అనిపించేది. ఇప్పుడు ఆ పద్ధతే నేను నీకు చెప్పబోతున్నాను.

వంగర దగ్గర సంగాంలో నాగావళి, సువర్ణముఖి, వేగావతి మూడూ కలుస్తాయి కదా. శ్రీకాకుళం పాత వంతెన దగ్గర ఒక దుంగ ఒడ్డుకు తగిలిందనుకో. అది మూడు నదుల్లో దేనిలోంచి వచ్చింది? వంతెన దగ్గర నుంచి దాన్ని ఎదురు ప్రవాహంలో నెట్టుకుంటూ పోతే తేలదు. ప్రతి సుడి దగ్గరా అది ఎటు తిరిగిందో ఎవరికి తెలుసు? కాబట్టి వచ్చే వరదకు మూడు నదుల్లోనూ పైన వంద చొప్పున రంగు పూసిన దుంగలు వదలాలి. ఒకదానికి ఎరుపు, ఒకదానికి పసుపు, ఒకదానికి నీలం. వంతెన దగ్గర కూర్చుని ఏ రంగువి ఎన్ని వచ్చాయో, వచ్చినవి ఆ ఒడ్డున ఎంతసేపు ఆగాయో రాసుకోవాలి.

అంతటితో పని అయిపోలేదు. ఇక్కడే ఇంకో తప్పు చేస్తారు. నీలం దుంగలు వందకు నలభై వచ్చాయి, ఎరుపు వందకు పదే వచ్చాయి అనుకుందాం. అయినంత మాత్రాన మన దుంగ నీలం నదిదే అనలేం. ఎరుపు నది ఒడ్డున దట్టమైన అడవి ఉండి, ప్రతి వరదకూ వేల దుంగలను ఏట్లో పడేస్తుంటే, వందకు పది చొప్పునైనా అక్కడి నుంచే ఎక్కువ వస్తాయి. అందుకని రెండు సంఖ్యలు కావాలి. ఆ నదిలో పడ్డ దుంగ ఇక్కడికి చేరే అవకాశం ఎంత, ఆ నది అసలు ఎన్ని దుంగలను తెస్తుంది. రెంటినీ గుణించాకే నదుల వాటాలు తేలతాయి.

తాతగారు ఇంకొకటి కూడా చూసేవారు. వెదురు బొంగయితే మన్యం కొండల వైపు నుంచి, తాటి దుంగయితే కింద మైదానం నుంచి అనేవారు. అంటే ప్రవాహం లెక్కతో పాటు చెక్క జాతి. గ్రహశకలాలకు ఆ రెండో సాక్ష్యం వర్ణపటం. దాని దగ్గరికి వస్తాను.

మన విషయంలో నదులేవి? కుజుడికీ గురుడికీ మధ్య, సుమారు 2.1 నుంచి 3.3 ఆస్ట్రనామికల్ యూనిట్ల దాకా ప్రధాన పట్టీ ఉంది. ఒక యూనిట్ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం, దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు. ఆ పట్టీలో ఖాళీలున్నాయని 1866లో డేనియల్ కర్క్‌వుడ్ గుర్తించాడు. 2.5 యూనిట్ల దగ్గర తిరిగే రాయి గురుడు ఒక చుట్టు తిరిగేలోగా మూడు చుట్లు తిరుగుతుంది. గురుడికి 11.86 ఏళ్లు, దీనికి 3.95. దాంతో గురుడి లాగుడు ప్రతిసారీ ఒకే లెక్కలో పడి, కూడుకుంటూ పోతుంది. కక్ష్య సాగిపోయి, సాగిపోయి, కుజుడి దారినీ ఆపై భూమి దారినీ కోస్తుంది. ఇది 3:1 అనునాదం. అక్కడ కక్ష్యలు ఎలా ఒక్కసారిగా చెదిరిపోతాయో 1980ల మొదట్లో జాక్ విజ్డమ్ కంప్యూటర్ మీద చూపించాడు.

రెండోది పట్టీ లోపలి అంచులో, 2.1 యూనిట్ల పరిసరాల్లో ఉండే న్యూ-6 అనునాదం. ఇందులో చుట్ల లెక్క లేదు. కక్ష్యలో సూర్యుడికి అతి దగ్గరి బిందువును మన పాఠ్యపుస్తకాల్లో పరిహేళి అంటాం కదా. ఆ పరిహేళి దిశ కూడా నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. శనిగ్రహ ప్రభావంతో వచ్చే అలాంటి తిరుగుడు ఒక చుట్టుకు సుమారు 46 వేల ఏళ్లు తీసుకుంటుంది. రాయి పరిహేళి కూడా అదే వేగంతో తిరిగితే రెండూ జోడు కట్టి, రాయి కక్ష్య సాగడం మొదలవుతుంది. నాకు ఈ న్యూ-6 అంటే ప్రత్యేకమైన ఇష్టం. ఎక్కడో దూరాన ఉన్న శని, 46 వేల ఏళ్ల తాళంతో, పట్టీ లోపలి అంచున ఉన్న రాయిని మన ఇంటి మీదికి పంపుతుంది. ఇవి కాక 5:2, 2:1 అనునాదాలు, హంగేరియా, ఫోకేయా అనే శకలాల గుంపులు, గురుగ్రహం అదుపులో తిరిగే తోకచుక్కలు ఉన్నాయి. వాటి వాటాలు చిన్నవి.

ఈ అనునాదాల్లో పడ్డ రాయి కొన్ని లక్షల ఏళ్లలోనో పది ఇరవై లక్షల ఏళ్లలోనో అక్కణ్నుంచి వెళ్లిపోతుంది. అలాంటప్పుడు ఆ అనునాదాలు ఎప్పుడో ఎండిపోవాలి. ఎండిపోకుండా నింపేది ఎండే. మే నెలలో సాయంత్రం ఐదింటికి డాబా మీద చెప్పుల్లేకుండా నడిచావా? ఎండ తగ్గినా గచ్చు కాలుతూనే ఉంటుంది. మధ్యాహ్నం తాగిన వేడిని అది సాయంత్రం కక్కుతోంది. తిరుగుతున్న గ్రహశకలంలోనూ అంతే. దాని ఉదయం వైపు కన్నా సాయంత్రం వైపు నుంచి వేడి ఎక్కువ బయటికి పోతుంది, ఆ వేడి వెలుతురు రాయిని వ్యతిరేక దిశలో అతి సన్నగా తోస్తుంది. రాయి ఏ వైపు తిరుగుతోందన్న దాన్ని బట్టి కక్ష్య లోపలికో బయటికో జరుగుతుంది. ఇవాన్ యార్కోవ్‌స్కీ అనే ఇంజనీరు 1900 ప్రాంతంలో దీన్ని ఊహించాడు. నూరేళ్ల తర్వాత, 2003లో, గోలెవ్కా అనే శకలాన్ని రాడార్‌తో కొలిస్తే, 12 ఏళ్లలో అది ఉండాల్సిన చోటు నుంచి 15 కిలోమీటర్లు జరిగింది. అపోఫిస్ కూడా ఏడాదికి సుమారు 200 మీటర్ల చొప్పున లోపలికి జరుగుతోంది. పట్టీలోని చిన్న రాళ్లు ఇలా కోట్ల ఏళ్లు జరిగి జరిగి, ఒకరోజు అనునాదం అంచులో కాలు పెడతాయి. అందుకే వచ్చే రాళ్లలో చిన్నవే ఎక్కువ. పెద్ద రాయిని ఈ తోపు కదిలించలేదు.

ఇప్పుడు లెక్క ఎలా కడతారో చూడు. కక్ష్యకు మూడు అంకెలు తీసుకో: అర్ధ దీర్ఘాక్షం, ఉత్కేంద్రత (కక్ష్య ఎంత సాగి ఉందో), వాలు. ఈ మూడింటినీ చిన్న చిన్న గదులుగా కోస్తే బీరువాలో అరల్లాంటి పటం వస్తుంది. ఒక మూలం నుంచి బయల్దేరిన ప్రతి కణాన్నీ ముందుకు నడుపుతూ, అది ఏ గదిలో ఎన్ని ఏళ్లు గడిపిందో ఆ గది ఖాతాలో వేస్తూ పో. ప్రతి మూలానికీ ఇలా ఒక పటం. తర్వాత ఆకాశంలో నిజంగా కనిపించిన శకలాల సంఖ్యలతో సరిపోయేలా ఒక్కో పటానికి ఎంత బరువు ఇవ్వాలో తేలుస్తారు. టెలిస్కోపుకు ఎలాంటివి తేలిగ్గా కనబడతాయి, ఎలాంటివి తప్పించుకుంటాయి అన్నది కూడా అందులో కలపాలి. అపోఫిస్ ఉన్న గదిని తెరిచి చూస్తే న్యూ-6 వాటా ఇంత, 3:1 వాటా ఇంత అని వస్తుంది. నీ ప్రశ్నకు నిజాయితీగా ఇవ్వగల జవాబు ఆ రూపంలోనే ఉంటుంది. "ఇక్కడి నుంచి వచ్చింది" అన్న ఒక్క మాటగా రాదు.

విలియం బాట్కీ బృందం 2002లో ఇలా ఐదు మూలాలతో లెక్క కట్టింది. భూ సమీప శకలాల్లో మూడో వంతుకు పైగా న్యూ-6 నుంచే వస్తున్నాయని, తోకచుక్కల వాటా ఆరు శాతం దగ్గరని తేలింది. తర్వాత మికాయెల్ గ్రాన్విక్ బృందం పట్టీ నుంచి 78,355 నిజమైన శకలాలనూ, మరో 14,094 క్లోన్లనూ తీసుకుని, యార్కోవ్‌స్కీ జరుగుడు కూడా కలిపి నడిపింది. 2018లో వారు వేసిన నమూనాలో ఏడు మూలాలు ఉన్నాయి.

ఆ పని మధ్యలో ఒక చిక్కు వచ్చింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంఘటన అది. సూర్యుడికి బాగా దగ్గరగా పోయే కక్ష్యల్లో నమూనా చెప్పినన్ని శకలాలు ఆకాశంలో లేవు. నెలల తరబడి తప్పు తమ లెక్కలో ఉందేమోనని వెతికారు. చివరికి 2016లో వచ్చిన జవాబు: అవి సూర్యుణ్ణి తాకకముందే చితికిపోతున్నాయి. పరిహేళి సగటున 0.076 యూనిట్లకు, అంటే 1.1 కోట్ల కిలోమీటర్లకు తగ్గేసరికి చాలా శకలాలు మాయమైపోతున్నాయని ఒప్పుకుంటేనే లెక్క కుదిరింది. నడిపిన కణాలకూ కనిపించిన రాళ్లకూ మధ్య తేడాను దాచకుండా బల్లమీద పెట్టినందుకు అది బయటపడింది. వెనక్కి నడిపి ఉంటే ఇలాంటిది ఎన్నటికీ దొరికేది కాదు, ఎందుకంటే అక్కడ సరిపోల్చడానికి ఎదురుగా ఏమీ ఉండదు.

ఇక వెదురా తాటా అన్న సాక్ష్యం. అపోఫిస్ వర్ణపటం ఎల్ఎల్ కాండ్రైట్ అనే ఉల్కాశిలల రకానికి దగ్గరగా ఉంది. ఇనుము తక్కువున్న రాతి ఉల్కలు అవి. పట్టీ లోపలి భాగంలో, న్యూ-6 పక్కనే ఉన్న ఫ్లోరా కుటుంబం (ఒకే పెద్ద శకలం పగిలి పుట్టిన ముక్కల గుంపును కుటుంబం అంటారు) వర్ణపటం కూడా ఆ రకానికే పోలుతుంది. ఇటొకావా శకలం మీంచి హయబూసా నౌక 2010లో తెచ్చిన రేణువులూ ఎల్ఎల్ రకమే అని తేలింది కాబట్టి, దూరం నుంచి వర్ణపటం చూసి రకం చెప్పడం గాలి మాట కాదు. కక్ష్య లెక్క న్యూ-6 వైపు మొగ్గుతోంది, రాయి రకం ఫ్లోరా వైపు మొగ్గుతోంది. రెండు వేరు వేరు సాక్ష్యాలు ఒకే వైపు చూపిస్తున్నాయి. నీ ప్రాజెక్టులో ఇంతవరకు ధైర్యంగా రాయవచ్చు. ఫ్లోరా నుంచే వచ్చిందని మాత్రం రాయకు.

ఒక జాగ్రత్త. కిలోమీటరు సైజు శకలాల మూలాలూ, మన చేతికి దొరికే ఉల్కాశిలల మూలాలూ ఒకటే అనుకోవద్దు. 2024లో వచ్చిన అధ్యయనాల ప్రకారం భూమ్మీద పడే ఉల్కాశిలల్లో 70 శాతం కరిన్, కొరోనిస్, మస్సాలియా కుటుంబాల్లో జరిగిన మూడు ఇటీవలి ఢీల నుంచి వచ్చినవే. 58 లక్షల, 75 లక్షల, సుమారు 4 కోట్ల ఏళ్ల కిందటివి అవి. ఈ మధ్యే పగిలిన కుటుంబంలో చిన్న ముక్కలు ఇంకా ఎక్కువగా మిగిలి ఉంటాయి, అందుకని చేతికి దొరికే రాళ్లలో వాటిదే పైచేయి. పెద్ద శకలాల విషయంలో ఫ్లోరా లాంటి పాత పెద్ద కుటుంబాలు ముందుంటాయి.

వెనక్కి నడపడం ఎప్పుడూ పనికిరాదా అంటే, పనికొస్తుంది. పైన చెప్పిన కరిన్ కుటుంబం వయసు అలా కట్టిందే. 2002లో డేవిడ్ నెస్వోర్నీ బృందం ఆ కుటుంబంలోని శకలాల కక్ష్యల దిశలను వెనక్కి నడిపితే, 58 లక్షల ఏళ్ల కిందట అవన్నీ ఒకే దిశకు వచ్చి చేరాయి. అది పట్టీ నడుమ, గ్రహాలకు దూరంగా ఉన్న ప్రశాంతమైన చోటు. అక్కడ మెట్లు పడవు, దిశలు నెమ్మదిగా తిరుగుతాయంతే. పైగా ఒక్క రాయి మాట కాదు, చాలా రాళ్లు ఒకేచోట కలవడమే సాక్ష్యం.

కాలం తక్కువైనప్పుడూ పనికొస్తుంది. 2020లో కనిపించిన 2020 ఎస్‌ఓ అనే వస్తువును వెనక్కి నడిపితే 1966 సెప్టెంబరులో అది భూమి దగ్గర ఉన్నట్టు వచ్చింది. ఆ నెల 20న చంద్రుడి మీదికి సర్వేయర్-2 నౌక బయల్దేరింది. సూర్యకాంతి తోపుకు అది రాయి కన్నా ఎక్కువగా జరుగుతోందని కూడా గమనించారు, అంటే లోపల డొల్ల. చివరికి అది ఆ నౌకను మోసిన సెంటార్ రాకెట్ ముక్కే అని తేలింది. యాభై నాలుగేళ్లు వెనక్కి అయితే సమీకరణాలను నమ్మవచ్చు. నీ అపోఫిస్‌కీ కొన్ని వందల ఏళ్ల వరకు నమ్మవచ్చు.

ఇప్పుడు నీ కోడు. లెక్కలో ఒక్కోసారి కాలాన్ని జరిపే అడుగు నాలుగు రోజులు పెట్టావు, బుధుడి 88 రోజుల్లో ఇరవయ్యో వంతు కన్నా కొంచెం తక్కువ, బాగుంది. కానీ కణం పరిహేళి 0.1 యూనిట్లకు తగ్గినప్పుడు అది సూర్యుడి పక్కనుంచి కొన్ని రోజుల్లోనే తిరిగిపోతుంది, నాలుగు రోజుల అడుగు దానికి చాలా మోటు. అలాంటి కణాన్ని, అవసరమైన చోట అడుగును తనే చిన్నది చేసుకునే ఐఏఎస్15 ఇంటిగ్రేటర్‌లో మళ్లీ నడిపి చూడాలి. సూర్యుడికి నువ్వు వ్యాసార్ధం ఇవ్వలేదు, ఇవ్వకపోతే కణం సూర్యుడిలోంచి దూసుకుపోయి మళ్లీ బయటికి వస్తుంది. 0.005 యూనిట్ల లోపలికి వస్తే తీసేయమని రాయి. క్లోన్లకు బరువు లేదని రీబౌండ్‌కు చెప్పు, ఎన్_యాక్టివ్‌ను తొమ్మిదిగా పెడితే సరిపోతుంది, వేగం బాగా పెరుగుతుంది. సాపేక్షతా సవరణ, యార్కోవ్‌స్కీ తోపు దాని అనుబంధమైన రీబౌండ్‌ఎక్స్‌లో ఉన్నాయి. మొదటిది వెంటనే కలుపు, రెండోది ఈ దశలో నీకు అక్కర్లేదు.

తర్వాత 200 కణాలను న్యూ-6లో, 2.1 యూనిట్ల దగ్గర తక్కువ వాలుతో పెట్టు. ఇంకో 200ను 3:1లో, 2.48, 2.52 మధ్య పెట్టు. రెండు గుంపులనూ రెండు కోట్ల ఏళ్లు ముందుకు నడుపు. వెయ్యేళ్లకోసారి కక్ష్య రాసుకో. అపోఫిస్ గది మరీ చిన్నది తీసుకుంటే 400 కణాల్లో ఒక్కటీ అందులోకి రాకపోవచ్చు. అర్ధ దీర్ఘాక్షం 0.8 నుంచి 1.1 దాకా, ఉత్కేంద్రత 0.4 లోపు, వాలు 10 డిగ్రీల లోపు అని వెడల్పుగా పెట్టుకో. వచ్చిన ఏళ్లను మూలాల వారీగా కూడి, బాట్కీ ఇచ్చిన వాటాలతో సవరించు. అంకెలు ముతకగా వస్తాయి, దానికి భయపడకు. పదింటికి ఎనిమిది వంతులు అటు, రెండు వంతులు ఇటు అన్న స్థాయిలో తేలినా నీ ప్రాజెక్టుకు చాలు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట తప్పకుండా విను. 2018 అక్టోబరులో నేను నాలుగు వేల కణాలను ఇంట్లో కంప్యూటర్ మీద నడుపుతున్నాను. పంతొమ్మిదో రోజు. 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, బ్యాటరీ ఇరవై నిమిషాలు ఆగింది. ఉద్దానంలో మా బంధువుల కొబ్బరి తోట ఒక్క చెట్టు మిగలకుండా పడిపోయింది, ఆ వారం కంప్యూటర్ సంగతి తలపెట్టే స్థితిలో ఎవరం లేము. కరెంటు వచ్చాక చూస్తే, మధ్యమధ్యలో స్థితిని భద్రపరిచే ఫైలు విరామం నేను చాలా ఎక్కువ పెట్టడంతో పంతొమ్మిది రోజుల్లో పదిహేడు రోజుల పని పోయింది. నువ్వు రీబౌండ్ స్థితిని భద్రపరిచే ఆ ఫైలును, అంటే సిమ్యులేషన్ ఆర్కైవ్‌ను గంటకోసారి రాసేలా పెట్టు, ఆ ఫైలును రోజూ రాత్రి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకో. ఏ కణం పరిహేళి 1.3 యూనిట్ల లోపలికి ముందుగా దిగుతుందో దాని నంబరు, అది ఏ గుంపుదో నాకు రాయి. ఆ ఒక్క కణం ప్రయాణం మొదటి నుంచి చివరి దాకా గ్రాఫు గీసి ఇద్దరం చూద్దాం, ఆ తర్వాతే మిగతా 399 జోలికి వెళ్లు.